వెక్కిరించినవాడే ఎక్కాలి

తిరిగి వచ్చిన మర్నాడు మా వీధి వాళ్ళందరూ అడిగింది ఒకటే: "ప్రసాదం ఏదీ?" ఇల్లు వదిలి నాలుగు రోజులు పోయినవాడు ఏ కొండకో, ఏ క్షేత్రానికో పోయి ఉండాలని మా ఒంగోలులో అందరి నమ్మకం. పెళ్ళికి కాదు, చావుకి కాదు, కోర్టు వాయిదాకి కాదు, మోటారు సైకిలు వేసుకుని బోగోలు నుంచి సూళ్లూరుపేట దాకా సముద్రం పక్కనే ఊరికే పోయి వచ్చానంటే ఒక్కరూ నమ్మలేదు. ఎదురింటి పెద్దాయనయితే, "పెట్రోలు పోసుకుని మరీ ఊరికేనా?" అని రెండుసార్లు అడిగి, నా మొహంలోకి జాలిగా చూసి వెళ్ళిపోయాడు. ప్రసాదం తేలేకపోయాను గనక, వెళ్ళని వాళ్ళ కోసం ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

ముందు నా బండి సంగతి చెప్పాలి. యుద్ధం నాటి మిలిటరీ బండి. వేలంలో ఎవరో కొని, ఎవరికో అమ్మి, అలా అలా నా ఫోటో స్టూడియో ముందుకు వచ్చి నిలబడింది. మంచి బండే. దానికున్న గుణం ఒక్కటే. కాస్త వేగం అందుకోగానే హ్యాండిలు దానంతట అది అటూ ఇటూ ఊగుతుంది. మెత్తటి నేల తగిలినా అంతే. వేగం తగ్గిస్తే మానుతుంది, తగ్గించకపోతే మనల్ని దించేస్తుంది. పోయిన ఏడు మైపాడు దారి ఇసుకలో నన్ను అలాగే దించింది. భుజం ఎముక విరిగి చాలా కాలం చెయ్యి మెడకు కట్టుకు తిరిగాను.

ఎముక అతుక్కుంది గాని ధైర్యం అతుక్కోలేదు. దారిలో ఇసుక కనబడితే చాలు, నా వేళ్ళు కొయ్యబారిపోయేవి. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో కూడా చెప్పలేదు. మా ఊళ్ళో మిల్లు గుమాస్తా ఒకాయన బండి అమ్మమని అడుగుతూనే ఉన్నాడు. ఈ ఒక్క యాత్రా చూద్దాం, ఇసుక మీద నడపగలిగితే ఉంచుకుందాం, లేకపోతే ఆయన చేతిలో పెట్టేసి మళ్ళీ సైకిలు తొక్కుకుందాం అనుకుని బయలుదేరాను. బండి పోతే నాతో బండ్ల మీద తిరిగే ఇద్దరు స్నేహితులూ పోయినట్టే. అదే నా అసలు బెంగ.

బోగోలు

ఆ ఇద్దరూ బోగోలులో నా కోసం కాచుకుని ఉన్నారు. మస్తాన్‌ది నెల్లూరులో పరుపులు కుట్టే దుకాణం. ఎప్పుడు చూసినా తలలో దూది ఉంటుంది. బండి స్టార్టు కావడానికి పది తన్నులు కావాలేమో గాని, అతని నోటికి ఒక్కటీ అక్కర్లేదు. రెండో ఆయన దేవదానం గారు, కావలి వైపు ఒక పల్లెటూరి బళ్ళో టీచరు. మా పక్క మాస్టారంటాం, నెల్లూరు వాళ్ళు అయ్యవారంటారు. దేవదానం గారు ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషి, అయినా ఊరంతటికీ అయ్యవారే. ఆ పిలుపు నాకు భలే నచ్చింది.

బయలుదేరే ముందు ఆయన టోపీ తీసి కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తారు. "ప్రభువా, మా ముగ్గురినీ మా మూడు బండ్లనీ క్షేమంగా చేర్చు. ఆ మిలిటరీ బండిని కాస్త ప్రత్యేకంగా చూసుకో" అన్నారు. ఆమెన్ అని అందరికన్నా గట్టిగా అన్నవాడు మస్తాన్.

మా మూడు బండ్లకీ మూడు రోగాలు. మస్తాన్ బండి ఎడమకు లాగుతుంది. టీ బంకులన్నీ ఎడమ పక్కనే ఉంటాయని దానికి తెలుసునని మేమంటాం. అయ్యవారి బండి మలుపులో వెనక చక్రం జారుతుంది. ముందు చక్రం అత్తగారు, వెనక చక్రం కోడలు, ఇద్దరూ ఒక దారిన పోరని మస్తాన్ వ్యాఖ్యానం. నా బండి పేరు గంగిరెద్దు. ఎందుకో చెప్పనక్కర్లేదు.

ఆ రోజే మస్తాన్ ఒక కట్టుబాటు సంగతి బయటపెట్టాడు. అప్పటికి తారు రోడ్డు వదిలి సముద్రం వైపు పోయే దారి మొదలయింది. ఎదర తెల్లగా ఇసుక కనబడుతోంది. నేను హ్యాండిలు పట్టుకుని నిలబడ్డాను. అతను నా వైపూ ఇసుక వైపూ చూసి పెద్దగా నవ్వాడు.

"అన్నా, నీ బండి గంగిరెద్దే గాని, సన్నాయి వాయించేవాడు యాడబ్బా? వాడు లేకపోతే ఆడి ఆడి అలిసిపోతాది గదా?" అన్నాడు. అని నాలుక కరుచుకున్నాడు. "అయ్యో, మాట జారినా. ఇంక తప్పేదేముండాది. దిగన్నా, నీ బండి నేనెక్కాల."

"ఎందుకు?" అన్నాను.

"నీకు తెలీదా? మోటారు సైకిళ్ళోళ్ళల్లో పాతకాలం కట్టుబాటిది. ఒకడి బండిని ఎక్కిరిచ్చినోడే ఆ బండి ఎక్కాల. తారు రోడ్డు మళ్ళీ తగిలేదాకా దిగేదానికి లేదు. ఏమంటారు అయ్యవారూ?"

దేవదానం గారు గొంతు సవరించుకున్నారు. "అవును, ఉండాది. మా వాళ్ళందరూ పాటిస్తారు" అన్నారు.

అయ్యవారే అన్నాక ఇక అడిగేదేముంది? నేను మస్తాన్ బండి ఎక్కాను. ఎడమకు లాగితే లాగింది గాని ఇసుకలో అది ఎద్దుబండంత నిదానంగా నడిచింది. ముందు నా గంగిరెద్దు మీద మస్తాన్ తల ఊపుకుంటూ, పాట పాడుకుంటూ పోయాడు. ఒడ్డున వలలు ఆరబెట్టుకునేవాళ్ళు చేతులూపారు. గండం గడిచింది. గండం గడిచినందుకు సంతోషమూ, నా బండిని పరాయివాడు నడిపినందుకు ఉక్రోషమూ రెండూ కలిసి వచ్చాయి నాకు.

కాలువ మీద

మర్నాడు అల్లూరు దాటాక బకింగ్‌హాం కాలువ అడ్డొచ్చింది. ఉప్పు మూటల పడవ ఒకటి ఖాళీగా ఉంటే సరంగుని బతిమాలాం. మూడు బండ్లనీ పలకల మీదుగా ఎక్కించేసరికి మా ముగ్గురికీ ఒళ్ళంతా చెమట. సరంగు నడివయసు మనిషి, తలకు తడి తువ్వాలు. మూడు బండ్ల చుట్టూ తిరిగి నా దాని ముందు ఆగాడు.

"ఇదేంది సామీ, దీని మొహం మా మామ మొహం మాదిరి ఉండాది! చూస్తానే కోపమొస్తాది" అన్నాడు.

మస్తాన్ వెంటనే అందుకున్నాడు. "అయిపోయినావు. ఎక్కిరిచ్చినావు గాబట్టి నువ్వే ఎక్కాల. కట్టుబాటు!"

ఆ మనిషి సరేనన్నాడు. గెడ తన తమ్ముడి చేతికిచ్చి, నా బండెక్కి, హ్యాండిలు రెండు చేతులా పట్టుకుని అవతలి గట్టు చేరేదాకా రాజులా కూర్చున్నాడు. మధ్యలో ఎదురొచ్చిన సరుగుడు కట్టెల పడవ వాళ్ళని హారను కొట్టి మరీ పలకరించాడు. దిగేటప్పుడు రేవు డబ్బులు ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "బండి ఎక్కినా గదా, సరిపోయింది" అన్నాడు. మా పక్క కాలువల మీద డబ్బు చేతిలో పడందే పడవ కదలదు. ఆయన పేరడగడం మరిచిపోయాను, ఆ నవ్వు మాత్రం మరవలేను.

ఆ రాత్రి నెల్లూరులో మస్తాన్ దుకాణంలో పడుకున్నాం. ఇంకా అమ్ముడు కాని కొత్త పరుపుల మీద పడుకోవడం నా జీవితంలో అదే మొదటిసారి. లేవగానే ముగ్గురి తలల్లోనూ దూదే.

కృష్ణపట్నం ఇసుక

ముత్తుకూరు దాకా దారి బాగుంది. తారు మీద నా గంగిరెద్దు బాగానే తల ఊపింది. మస్తాన్ పక్కనే వస్తూ చూశాడు, ఒక్క మాట అనలేదు. ముత్తుకూరు దాటి కృష్ణపట్నం వైపు సరుగుడు తోటల్లో ఇసుక దారి మొదలయిందో లేదో అతని నోరు లేచింది.

"అన్నా, నీ బండిని 'అయ్యగారికి దండం పెట్టు' అంటే తలూపతాది. 'నిన్ను పాత ఇనప సామానోళ్ళకు ఇచ్చేదా' అన్నా తలూపతాది. ఇంత మంచి బండి నేను చూడలేదబ్బా."

"ఇది వెక్కిరింత కిందికే వస్తాది" అని తీర్పు చెప్పారు అయ్యవారు.

నాకు ఒళ్ళు మండింది. తారు మీద అంత ఊగినా నోరు మెదపనివాడు, సరిగ్గా ఇసుక దగ్గరే వెక్కిరిస్తాడేం? నా బండి మీద ఇసుకలో పోయి తన పనితనం చూపించుకోవాలని కాదూ? అలా అనుకుని మూతి ముడుచుకునే బండి మార్చాను. అయినా నా వేళ్ళు అప్పటికే బిగుసుకుపోయి ఉన్నాయి. నిజం చెప్పాలంటే అతను వెక్కిరించకపోతే అక్కడే ఏదో వంక పెట్టి వెనక్కి తిరిగేవాణ్ణి.

మస్తాన్ ముందు పోయి తోటల మలుపులో కనబడకుండా పోయాడు. నేను మలుపు తిరిగేసరికి బండి పక్కకి పడి ఉంది. అతను ఇసుకలో కూర్చుని నవ్వుతున్నాడు.

"ఏమైంది?" అని అరిచాను.

"ఏం గాలేదన్నా. గంగిరెద్దుకి నిద్రొచ్చినాది. పడుకోబెట్టినా" అన్నాడు.

అయ్యవారు వచ్చి బండి లేపారు. దానికి గీత కూడా పడలేదు. మస్తాన్ తువ్వాలు దులిపి కుడి చేతికి చుట్టుకుని, మళ్ళీ అదే బండెక్కి ఊళ్ళోకి వచ్చేశాడు. నేను దిగమన్నా దిగలేదు. "తారు తగల్లేదు గదా" అన్నాడు.

ఊళ్ళో లైట్‌హౌసుకి ఇవతల చిన్న పూటకూళ్ళ ఇల్లు ఉంది. అక్కడి అక్క మమ్మల్ని చూసి, "అన్నం ఉండాది, పులుసు మాత్రం నిన్నటిది" అంది. మా ఒంగోలులో అయితే ఆ మాటకి లేచి వచ్చేస్తాం. ఇక్కడ అది గొప్ప. చేపల పులుసు ఒక రాత్రి నిలవుంటేనే దానికి పులుసని పేరు. మామిడికాయ ముక్కలు వేసిన ఆ పులుసుతో మొలగొలుకుల అన్నం తిన్నాక, ఇన్నేళ్ళుగా మా ఇంట్లో పులుసుని ఏ పూటకాపూట తినేసి ఎంత నష్టపోయానో తెలిసింది. కడుపునిండా తింటే ముప్పావలా తీసుకుంది.

మస్తాన్ చెంచా అడిగాడు. ఆ అక్క వంటింట్లో వెతికి ఒకటి తెచ్చిచ్చింది. "దొరలం గదక్కా" అని నవ్వుతూ ఎడం చేత్తో తిన్నాడు. అదీ వేళాకోళమే అనుకున్నాను.

సూళ్లూరుపేట టీ కొట్టు

గూడూరు మీదుగా పెద్ద రోడ్డు పట్టుకుని సూళ్లూరుపేట చేరాం. అంతా తారే గనక నా బండి నాకు వచ్చేసింది. మస్తాన్ బాగా వెనకబడ్డాడు. అడిగితే, "ఎడం పక్క టీ బంకులన్నిట్నీ పలకరించి వస్తాండా" అన్నాడు.

సూళ్లూరుపేటలో మాట తెలుగులో మొదలై అరవంలో తేలుతుంది. టీ కొట్టాయన మద్రాసు రైలు దిగినవాడికి అరవంలో, నాకు తెలుగులో, తన పిల్లికి రెండూ కలిపి చెబుతున్నాడు. టీ మాత్రం మా ఊరి టీ కన్నా చిక్కన, గ్లాసు కూడా పెద్దది. అక్కడే నేను చూశాను. మస్తాన్ గ్లాసు కూడా ఎడం చేత్తోనే పట్టుకున్నాడు. కుడి చేతికి తువ్వాలు ఇంకా అలాగే చుట్టి ఉంది.

నేను నోరు తెరిచేలోపు అయ్యవారు లేచారు. "మస్తానూ, రా, బజార్లో కమలాపళ్ళు కొందాం" అన్నారు. ఇద్దరూ వెళ్ళారు.

వాళ్ళటు పోగానే మోటారు సైకిలు మీద ఒకాయన వచ్చి దిగాడు. పేరు పెంచలయ్య. సరస్సులో దొరికే గుల్లలు కాల్చి సున్నం అమ్మే వ్యాపారి, మస్తాన్‌కి పాత స్నేహితుడు. మేం వస్తామని మస్తాన్ ముందే కబురు పెట్టాడట. ఆయన మా బండ్లు చూసి నా దాని దగ్గర పకపకా నవ్వాడు. "ఇదేనా మైపాడులో మిమ్మల్ని పడేసిన దయ్యం? చూస్తే మేక మాదిరి ఉండాదే!"

"జాగ్రత్త. వెక్కిరించినవాడే ఎక్కాలి. మీ కట్టుబాటేగా" అన్నాను.

"ఏం కట్టుబాటు?"

చెప్పాను. ఆయన అయోమయంగా చూశాడు. "అట్టాంటిది నేను విన్లేదే! నేనూ మస్తానూ పదేళ్ళుగా కలిసి తిరగతాండాం. నా బండిని వాడు తిట్టని తిట్టు లేదు. ఒక్కనాడన్నా ఎక్కినాడా? ఎక్కడు! అదేం కట్టుబాటయ్యా, అది ఉంటే మాలో ఏ ఒక్కడూ తన సొంత బండి మీద ఉండడు గదా."

నేను టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను. బోగోలు ఇసుక గుర్తొచ్చింది. మస్తాన్ ముందు నా చేతుల వైపు చూసి, తర్వాత ఇసుక వైపు చూసి, తర్వాతే నవ్వాడు. అప్పటికప్పుడు నా కోసం పుట్టించిన కట్టుబాటు అది. అబద్ధమాడని అయ్యవారు దానికి సాక్ష్యం చెప్పారు! భయపడుతున్నావా అని అడిగితే నేను కాదనేవాణ్ణి, ఆ పౌరుషంతో ఎక్కి మళ్ళీ పడేవాణ్ణి. అందుకని నన్నేమీ అడగకుండా, నా పరువు పోనివ్వకుండా, నా బండిని తిట్టి నా గండం తను తీసుకున్నాడు. నేనేమో మూతి ముడుచుకున్నాను. కళ్ళు తుడుచుకుంటుంటే పెంచలయ్య, "పొగ పడలేదా సామీ, పొయ్యి పక్క నుంచి జరగండి" అన్నాడు. జరిగాను.

సరస్సు దారి

అయ్యవారూ మస్తానూ తిరిగి వచ్చారు. కమలాపళ్ళు లేవు. మస్తాన్ కుడి మణికట్టుకి బద్దలు వేసి కట్టు కట్టి ఉంది. "ఊరికే బెణికినాదిలే" అన్నాడు. అయ్యవారు మాత్రం నేల చూపులు చూశారు. ఇక ఆ చేత్తో బండి నడపడానికి వీల్లేదని కట్టుకట్టినాయన చెప్పాడట. మస్తాన్ బండిని పెంచలయ్య ఇంట్లో పెట్టేట్టు, నెల్లూరికి అతను రైల్లో పోయేట్టు నిర్ణయమైంది.

అయితే వచ్చిందే సరస్సు చూద్దామని. ఎర్రకాళ్ళ కొంగలు వేలకు వేలు దిగి ఉన్నాయని పెంచలయ్య ఊరించాడు. పులికాట్ గట్టు దాకా దారి ఉంది గాని, చివర అంతా ఇసుకా బురదా కలిసిన మెత్తటి నేల. తారు అయిపోయిన చోట మేం ఆగాం. నా వెనక కూర్చుని వచ్చిన మస్తాన్ కిందికి దిగాడు. ఎదర మెత్తటి దారి, పక్కన నేను. కట్టు కట్టిన చేతిని వెనక్కి పెట్టుకుని అతను మళ్ళీ నవ్వు మొదలుపెట్టాడు.

"ఏమన్నా, నీ గంగిరెద్దు..."

"ఆగు మస్తాన్" అన్నాను. "ముందు నేను చెప్తాను. ఇది బండి కాదు. ఇది పట్టాలు తప్పిన ఉయ్యాల. దీన్ని ఎక్కడం కన్నా వరద గోదావరిలో పుట్టి ఎక్కడం నయం. దీని హ్యాండిలు పట్టుకుంటే మజ్జిగ చిలికినట్టే, ఇంటికి పోయేసరికి వెన్న తేలుతుంది. ప్రపంచంలో ఇంత దిక్కుమాలిన బండి ఇంకోటి లేదు."

నేను దేవదానం గారి వైపు తిరిగాను. "ఏమంటారు అయ్యవారూ? ఇది వెక్కిరింత కిందికి వస్తుందా, రాదా?"

ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నారు. "వస్తాది. బాగా వస్తాది. వెక్కిరించినవాడే ఎక్కాల" అన్నారు.

నేను ఎక్కాను. వేళ్ళు మామూలుగానే కొయ్యబారాయి. మస్తాన్ వచ్చి నా వెనక కూర్చున్నాడు. బరువు వెనక్కి పడేసరికి హ్యాండిలు మరీ తేలికై, మెత్తటి నేల తగలగానే ఊగడం మొదలుపెట్టింది. మైపాడు ఇసుక కళ్ళ ముందు కనబడింది. పడితే ఈసారి నేను ఒక్కణ్ణే పడను. మస్తాన్ కట్టు కట్టిన చెయ్యి కూడా నాతోనే పడుతుంది.

అప్పుడు నా చెవి పక్క నెమ్మదిగా మస్తాన్ గొంతు వినిపించింది. అందులో వేళాకోళం లేదు. "చేతులు వదులు చెయ్యన్నా. గట్టిగా పట్టమాక. ఊపితే ఊపనీ. మెడ బిగపడితే ఏ ఎద్దుకైనా కోపమొస్తాది."

వదులు చేశాను. బండి ఊగింది, ఊగుతూనే ముందుకు పోయింది. ఇంకా ఊగింది, ఇంకా పోయింది. నేను దానితో పోట్లాడడం మానేశాక తెలిసింది, అది ఊగుతుందే గాని దానికి పడాలని లేదు. గట్టు ఎక్కేసరికి ఎదర సరస్సు మీద తెలుపూ గులాబీ కలిసిన కొంగల బారు లేచింది. అయ్యవారు వెనక నుంచి స్తోత్రం అంటున్నారు. మస్తాన్ ఎడం చేత్తో నా వీపు మీద చరిచాడు. నా ఫోటో కెమెరా సంచిలోనే ఉండిపోయింది. తియ్యాలని తోచనే లేదు.

నాకు ఈ కట్టుబాటు సంగతి తెలిసిపోయిందని ఇప్పటిదాకా మస్తాన్‌కి చెప్పలేదు. ఎదురుగా చెబితే అతను ఏదో ఒకటి అని నవ్వించి తప్పించుకుంటాడు. అందుకే అచ్చులో చెబుతున్నాను. పత్రిక అతనికి అయ్యవారు చదివి వినిపిస్తారు.

ఒంగోలు రాగానే మిల్లు గుమాస్తా వచ్చాడు. ధర తగ్గించడానికి బండి చుట్టూ తిరుగుతూ, హ్యాండిలు ఊగుతుందటగా అని మొదలుపెట్టాడు. వెక్కిరించినవాడే ఎక్కాలన్నాను. ఎక్కి సందు చివరిదాకా పోయి, బండి నడిపించుకుంటూ తిరిగి వచ్చి, బేరం వద్దని వెళ్ళిపోయాడు. గంగిరెద్దు నా దగ్గరే ఉంది.

మస్తాన్ చేతికి బెణుకు కాదు, ఎముకే చిట్లిందని నెల్లూరు డాక్టరు పిండికట్టు వేశాడట. అతని బండి ఇంకా పెంచలయ్య ఇంటి అరుగు పక్కనే ఉంది. మనిషిని పెట్టి తెప్పించుకుంటానని నాకు కబురు చేశాడు. మస్తాన్, విను. నీ బండి ఎడమకు లాగుతుంది. టీ వాసనకి తప్ప కదలదు. అలాంటి బండిని నేనెక్కడా చూడలేదు. ఈ మాట నలుగురూ చదివేట్టుగా అంటున్నాను. కట్టుబాటు కట్టుబాటే. ఇది అయ్యవారు నీకు చదివి వినిపించేసరికి నేను సూళ్లూరుపేట రైల్లో ఉంటాను.